పొ అన్నా రావాలి, రా అన్నా రావాలి

వార్డులో అందరూ ఆమెను రబ్బరక్క అనేవాళ్లు. అసలు పేరు హాజరు పుస్తకంలో భద్రంగా ఉండేది, ఎవరి నోటికీ వచ్చేది కాదు. మగవాళ్ల సర్జికల్ వార్డుకు ఆమె ఇన్‌ఛార్జి సిస్టర్. యూనిఫామ్ జేబుకు ఒక పిన్నీసు, పిన్నీసుకు ఒక దారం, దారం చివర ఒక తెల్ల రబ్బరు. ఆమె కంటే ఒక అడుగు ముందు ఆ రబ్బరు ఊగుతూ వచ్చేది. దానికి దారం ఎందుకని కొత్తవాళ్లెవరైనా అడిగితే, "డాక్టర్లు పెన్నులు పట్టుకుపోతారని అందరికీ తెలుసు. రబ్బర్లు కూడా పట్టుకుపోతారని నాకొక్కదానికే తెలుసు" అనేది.

నెలకోసారి ఆ వార్డు డ్యూటీ చార్టు గీసేది ఆమే. పదహారేళ్లుగా ఆమే. పెద్ద తెల్ల కాగితం మీద స్కేలు పెట్టి, వార్డులో ఉన్న పద్నాలుగు మంది సిస్టర్లకు పద్నాలుగు అడ్డవరసలు, రోజుకొకటి చొప్పున నిలువు గళ్లు నల్లసిరాతో కొట్టేది. గళ్లలో అక్షరాలు మాత్రం పెన్సిలుతోనే. పెన్నుతో డ్యూటీలు రాసేదానికి మనుషుల సంగతి తెలియదని ఆమె అభిప్రాయం. ఒకామెకు మరిది పెళ్లి, ఒకామెకు పంటినొప్పి, ఒకామెకు ఏమీ లేకపోయినా ఆ రోజు రాబుద్ధి కాదు. చార్టు గోడకెక్కిన గంటలోపు ఎవరో ఒకరు "అక్కా, ఒక్కసారి రబ్బరిస్తావా" అని వచ్చి నిలబడతారు. రబ్బరు ఇవ్వదు. తుడిచేది తానే.

మిగతా వార్డుల్లో ఇంగ్లీషు అక్షరాలు రాసుకుంటారు. మొదటి నెల ఈమె కూడా అలాగే రాసింది. కానీ ఆమె చేతిలో ఎమ్ముకీ ఎన్నుకీ తేడా ఆమెకే తెలిసేది. పొద్దున డ్యూటీకి ఏడుగురు దిగారు, రాత్రికి ఒక్కతే మిగిలింది. ఆ మర్నాటి నుంచి తెలుగులోకి మారింది. పొద్దున ఆరు నుంచి రెండు వరకు "పొ". మధ్యాహ్నం రెండు నుంచి పది వరకు "మ". రాత్రి పది నుంచి ఆరు వరకు "రా". సెలవుకు "సె".

ఈ అక్షరాల మీద వార్డులో ఒక పాత జోకు ఉండేది. దాన్ని పుట్టించింది పిన్ని. పిన్ని అంటే ఎవరి పిన్నీ కాదు, వార్డంతటికీ పిన్ని. ముప్పై ఏళ్లుగా ఆ వార్డులోనే ఉంది, రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. చార్టు గోడకెక్కిన ప్రతిసారీ కళ్లజోడు ముక్కు చివరకు లాక్కుని తన వరస చదివేది. "పొ, పొ, పొ... ఏమే, నన్ను పొమ్మంటున్నావా?"

"పొ అంటే రమ్మని పిన్నీ."

"మరి రా అంటే?"

"అదీ రమ్మనే."

"బాగుంది. ఈ వార్డులో పొ అన్నా రావాలి, రా అన్నా రావాలి. పోయే అక్షరమే లేదు."

పదహారేళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నా రబ్బరక్క నవ్వేది. పిన్ని ముందు ఆమె నవ్వకుండా ఉండటం కుదరదు. శిక్షణకు వచ్చిన మొదటి వారం, మొదటి పుండు కట్టు విప్పేటప్పుడు రబ్బరక్క కళ్లు తిరిగి పడిపోయింది. అప్పుడు పిన్ని వెనకనుంచి పట్టుకుని, "నేల తడిగా ఉంది, జారింది" అని వార్డంతటికీ చెప్పింది. నేల పొడిగా ఉన్న సంగతి వాళ్లిద్దరికీ తెలుసు. పిన్ని ఆ సంగతిని నెలకోసారైనా, అందరి ముందూ, "నేల తడిగా ఉందేమో చూసుకో" అని గుర్తుచేసేది.

ఇలా సాగుతున్న వార్డులోకి పన్నెండు గంటల డ్యూటీ వచ్చింది.

ఎనిమిది గంటలు చొప్పున వారానికి ఆరు రోజులు రావడం పాత పద్ధతి. పన్నెండు గంటలు చొప్పున నాలుగు రోజులు వచ్చి మూడు రోజులు ఇంట్లో ఉండటం కొత్త పద్ధతి. ఎటు చూసినా వారానికి నలభై ఎనిమిది గంటలే. ఆసుపత్రిలో చాలా వార్డులు కొత్త పద్ధతికి గుంపగుత్తగా వెళ్లిపోయాయి. ఈ వార్డులో మాత్రం సరిగ్గా ఏడుగురు పన్నెండు కావాలన్నారు, ఏడుగురు ఎనిమిదే చాలన్నారు. చేతులెత్తించి లెక్కపెట్టిన రబ్బరక్కకు ఒక చెయ్యి అటో ఇటో అయితే బాగుండునని అనిపించింది.

పన్నెండు అడిగినవాళ్లలో మొదటి చెయ్యి ఆమె తోడికోడలిది. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లు, వంటిల్లు ఒక్కటే, ఇప్పుడు వార్డూ ఒక్కటే. తోడికోడలు నర్సింగులో పై చదువుకు చేరింది. వారానికి మూడు రోజులు క్లాసులు. మూడు రోజులు ఖాళీ దొరక్కపోతే చదువు మానాలి. ఎనిమిది అడిగినవాళ్లలో మొదటి చెయ్యి పిన్నిది. ఆమె మోకాళ్లు ఎనిమిదో గంటకే అలక పూనుతాయి. పన్నెండో గంట దాకా వాటిని బతిమాలడం ఆమె వల్ల కాదు.

నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్‌కు మాటలు తక్కువ, వేళ్ల మీద లెక్కపెట్టడం ఎక్కువ. రబ్బరక్క సగం సగం అని చెప్పగానే ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"రెండు రకాలు కలిపితే మధ్యలో సందులు పడతాయి సిస్టర్."

"పడకుండా చూస్తాను మేడమ్."

"ఒక నెల చూస్తాను. పొద్దున ఐదుగురు, మధ్యాహ్నం నలుగురు, రాత్రి ముగ్గురు ఉండాలి. ఏ గంటలోనైనా ఒక్క మనిషి తక్కువ కనిపిస్తే వచ్చే నెల నుంచి అందరికీ పన్నెండే."

"చెయ్యలేనివాళ్లుంటారు కదా మేడమ్."

"బట్టల స్టోరులో ఒక చోటుంది. తొమ్మిది నుంచి ఐదు. కుర్చీ కూడా ఉంది."

కుర్చీ మాట ఎవరి గురించో వేరే చెప్పక్కర్లేదు. రబ్బరక్క వార్డుకు తిరిగి వచ్చి చెబితే పిన్ని మందుల ట్రే సర్దుతూ వింది. అంతా విని, "దుప్పట్లకు నొప్పులుండవు. ఎలా ఉంది నాయనా అని వాటినేం అడుగుతాను?" అంది. జోకులాగే అంది. కానీ ఆ రోజు ట్రేలో సీసాలు రెండుసార్లు సర్దింది.

రబ్బరక్క ఇంటికి కాగితాలు తెచ్చుకుంది. వారం రోజులు వంటింటి బల్ల మీద అదే పని. పన్నెండు గంటలవాళ్లు పొద్దున ఎనిమిదికి వచ్చి రాత్రి ఎనిమిదికి వెళ్తారు. ఎనిమిది గంటలవాళ్లు రాత్రి పదికి వస్తారు. ఒకరు వెళ్లాక ఒకరు వచ్చేలోపు రెండు గంటలు నోరు తెరుచుకుని కూర్చుంటాయి. ఆ రెండు గంటలు పూడిస్తే పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకు ఇంకో రెండు గంటలు నోరు తెరుస్తాయి. తుడిచీ తుడిచీ కాగితం చిరిగింది. రబ్బరు పొట్టు పెరుగు గిన్నెలో కూడా కనిపించింది.

ఆమె భర్త బడిలో లెక్కల మాస్టారు. తమ బడి టైమ్‌టేబుల్ ఆయనే వేస్తాడు. అందుకని ప్రపంచంలో ఏ గడి ఖాళీగా కనిపించినా అది తన కోసమే ఖాళీగా ఉందనుకుంటాడు.

"ఇలా తుడుచుకుంటూ కూర్చుంటే ఎప్పటికి తెములుతుంది? సమీకరణం రాసుకోవాలి. ఇటివ్వు."

ఇచ్చింది. ఆయన తలుపు దగ్గరేసుకుని రెండు గంటలు కూర్చుని, విజయగర్వంతో బయటికొచ్చాడు.

"సెలవులూ జ్వరాలూ అన్నీ కలిపితే మీ వార్డుకు పద్నాలుగున్నర మంది సిస్టర్లు కావాలి."

"ఆ అర సిస్టర్ ఎవరండీ?" అంది తోడికోడలు గిన్నెలు తోముతూ. "అక్కేనా? ఇంట్లో ఉన్నా సగం అక్కడే ఉంటుంది."

"బావగారి ముందు వేళాకోళమా?" అని కసిరింది రబ్బరక్క. నవ్వు మాత్రం ఆపుకోలేకపోయింది. మాస్టారు తన సమీకరణాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మరి ఆ చార్టు విషయంలో ఆ నెల ఏ సలహా ఇవ్వలేదు. అది ఆయన చేసిన పెద్ద సాయం.

దారి చూపించింది కంచాలు. తోడికోడలికి తోమిన కంచాలను పెద్దవీ చిన్నవీ కలిపి పేర్చే అలవాటు. పేర్చిన కాసేపటికి ఒకటి జారుతుంది, దాని వెనకే నాలుగు దిగుతాయి. ఆ చప్పుడుకు రబ్బరక్క రోజూ ఉలిక్కిపడి, రోజూ ఒకే మాట అనేది. ఆ రోజు కూడా అంది.

"ఎన్నిసార్లు చెప్పాలే? పెద్దవాటి పక్కన పెద్దవి పెట్టు, చిన్నవాటి పక్కన చిన్నవి..."

అని మధ్యలో ఆగిపోయింది. తోడికోడలు తిరిగి చూసేసరికి అక్క బల్ల దగ్గర కూర్చుని రాసేస్తోంది.

పన్నెండు గంటల మనిషి వెళ్లే గడిలోకి ఎనిమిది గంటల మనిషిని తేవడమే తప్పు. పన్నెండుకు పన్నెండే జోడీ. ఏడుగురూ వారానికి నాలుగేసి సార్లు వస్తే రోజుకు నలుగురు. ఇద్దరు పగలు, ఇద్దరు రాత్రి. అంటే ఇరవై నాలుగు గంటలూ ఇద్దరు మనుషులు గోడల్లా నిలబడి ఉంటారు. ఇక ఎనిమిది గంటల ఏడుగురూ ఆరేసి సార్లు వస్తే రోజుకు ఆరుగురు. పొద్దున ముగ్గురు, మధ్యాహ్నం ఇద్దరు, రాత్రి ఒకరు. కలిపి చూసింది. ఐదు, నాలుగు, మూడు. మళ్లీ కలిపింది. ఐదు, నాలుగు, మూడు. మేడమ్ అడిగిన లెక్క అచ్చంగా వచ్చింది, ఒక్క గంట ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"కంచాలు ఇప్పుడెలా పేర్చమంటావక్కా?" అంది తోడికోడలు.

"ఎలాగైనా పేర్చుకో" అంది రబ్బరక్క. ఆ ఇంట్లో ఆ మాట వినబడటం అదే మొదలు.

కొత్త చార్టుకు కొత్త గుర్తులు కావాలి. పన్నెండు గంటల పగటికి "ప" అని పెట్టింది. పన్నెండు గంటల రాత్రికి కూడా రా అనే రాసి, కింద ఒక చిన్న గీత. గీత ఉంటే ఎనిమిదికి రావాలి, లేకపోతే పదికి. అందరినీ నిలబెట్టి మూడుసార్లు చెప్పింది.

"గీత కనబడకపోతే?" అంది పిన్ని.

"కళ్లజోడు పెట్టుకుంటే కనబడుతుంది."

"నాకు కనబడుతుందిలే. కళ్లు బాగున్నవాళ్ల గురించే అడుగుతున్నాను."

ఆ నెల నడిచింది. గంటలు అతికాయి కానీ అప్పగింతలు పెరిగాయి. దిగిపోయే సిస్టర్ ఎక్కే సిస్టర్‌కు మంచం మంచం దగ్గరా నిలబడి ఎవరికి ఏం జరిగిందో చెప్పాలి. మునుపు రోజుకు మూడుసార్లు ఉండే ఈ తంతు ఇప్పుడు ఆరింటికి, ఎనిమిదింటికి, రెండింటికి, మళ్లీ ఎనిమిదింటికి, పదింటికి. ఐదుసార్లు. ఏడో మంచం తాతగారికి తన కాలి సంగతి కంఠతా వచ్చేసింది. ఎవరైనా మంచం దగ్గరికి రాగానే, "కుడి తొడ ఎముక, ఆపరేషన్ అయి ఆరో రోజు, రాత్రి నిద్ర పట్టింది, విరేచనం కాలేదు. ఇక ఎనిమిదో మంచానికి పదండి" అని తానే అప్పగించేవాడు.

ఈ అప్పగింతల్లో అందరికీ హడలు పుట్టించేది సీరియల్ సిస్టర్. పన్నెండు గంటలవాళ్లలో ఒకామె. ఆమె డ్యూటీ అప్పగిస్తే టీవీ సీరియల్ లాగే ఉండేది, ఈ రోజు సంగతి చెప్పడానికి మొన్నటి నుంచి మొదలుపెట్టేది. "తొమ్మిదో మంచం ఆయనకు నొప్పి తగ్గింది" అంటే సరిపోయేచోట, నొప్పి ఎప్పుడు వచ్చిందో, అప్పుడు ఆయన భార్య ఏ మొహం పెట్టిందో, ఆ భార్యకూ ఆడపడుచుకూ మెట్ల దగ్గర ఏం మాటలు జరిగాయో అన్నీ చెప్పేది. అబద్ధం ఒక్కటీ ఉండదు, వదిలేసేది ఒక్కటీ ఉండదు. ఎనిమిదికి దిగాల్సిన మనిషి ఎనిమిదిన్నరకు కూడా పదో మంచం దాటేది కాదు. రబ్బరక్క ఆమెను పక్కకు పిలిచి, "క్లుప్తంగా చెప్పమ్మా" అని రెండుసార్లు చెప్పింది. "క్లుప్తంగానే చెబుతున్నానక్కా. అసలు పూర్తిగా చెబితే ఎలా ఉంటుందో తెలుసా" అని సీరియల్ సిస్టర్ మొదలుపెట్టేసరికి, రబ్బరక్క తానే ఏదో పనుందని తప్పుకుంది.

మేడమ్ రోజుకొక వేళ చెప్పకుండా వచ్చేది. గుమ్మంలో నిలబడి, బొటనవేలితో మిగతా వేళ్లు తాకి చూసుకుని, మాట్లాడకుండా వెళ్లిపోయేది. ఇరవై ఏడు రోజులు గడిచాయి. ఒక్క వేలూ తక్కువ పడలేదు.

చివరి వారంలో ఎనిమిది గంటలవాళ్లలో ఒకామెకు జ్వరం వచ్చింది. ఆమె బదులు తోడికోడలు రెండు రోజులు ఎనిమిది గంటల రాత్రి చేసింది, అంటే పదింటికి వెళ్లింది. మూడో రోజు నుంచి మళ్లీ తన పన్నెండు తనకు. రబ్బరక్క ఆ వరసలో తుడిచి, రాసి, గీతలు పెట్టి, రబ్బరు పొట్టు ఊదేసి, దూరంగా నిలబడి చూసుకుని తృప్తిపడింది.

ఇరవై ఎనిమిదో తారీఖు. ఇన్‌ఛార్జికి ఎనిమిది నుంచి నాలుగు వరకే డ్యూటీ, ఆ పద్నాలుగు మందిలో ఆమె లెక్క కాదు. ఇంటికొచ్చి, కాసేపు నడుం వాల్చి, రాత్రి వంటకు కూరలు తరుగుతోంది. మాస్టారు వసారాలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాడు. వంటింటి గడియారం ఎనిమిదీ పది చూపిస్తోంది. తోడికోడలు తలంటుకుని, తడిజుట్టు తువ్వాలుతో తుడుచుకుంటూ తీరిగ్గా వంటింట్లోకి వచ్చింది.

రబ్బరక్క కత్తి ఆగిపోయింది.

"నువ్వింకా ఇంట్లోనే ఉన్నావేంటే?"

"ఉండకేం చెయ్యను? ఈరోజు నాకు రా."

"రా అయితే వెళ్లాలిగా."

"వెళ్తాను. పదింటికి కదా."

"పదింటికేంటి? ఎనిమిదింటికి. గీత ఉంది."

"గీత లేదక్కా."

"ఉంది. నా చేత్తో నేను గీశాను."

"లేదు. నా కళ్లతో నేను చూశాను. ఫోటో కూడా తీసుకున్నాను."

ఫోన్ తెచ్చి చూపించింది. చార్టు ఫోటోలో ఆ గడి. అందులో రా. రబ్బరక్క వేళ్లతో దాన్ని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. గీత ఉంది. కానీ గడి అడుగున తానే నల్లసిరాతో కొట్టిన గీత ఉంది చూశారూ, సరిగ్గా దాని మీద, వెంట్రుక వాసి అటూ ఇటూ కాకుండా కూర్చుని ఉంది. తానే పెట్టిన గీత కాబట్టి ఆమెకు తెలిసింది గానీ, లోకంలో మరెవరికీ కనబడదు.

మాస్టారు కళ్లజోడు సర్దుకుంటూ గుమ్మంలోకి వచ్చి, ఫోను చూసి, "గీత మీద గీత పడితే ఒక్క గీతే లెక్క" అన్నాడు. కాపురానికి వచ్చాక ఆయన లెక్కను ఆమె కాదనలేకపోయింది అదే మొదటిసారి.

వార్డుకు ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఫోనెత్తడానికి కూడా మనిషి లేదంటే ఏమనుకోవాలి? ఆమె కళ్ల ముందు బట్టల స్టోరు, అందులో అరల నిండా తెల్ల దుప్పట్లు, వాటి మధ్య కుర్చీలో పిన్ని.

"బండి తియ్యి" అంది.

"జుట్టు తడిగా ఉందక్కా."

"దారిలో ఆరుతుంది."

తోడికోడలు యూనిఫామ్‌లోకి దూరి స్కూటర్ తీసింది. రబ్బరక్క ఇంటి చీరలోనే వెనక ఎక్కింది. ఒక చేతిలో తరిగే కత్తి అలాగే ఉందని వీధి మలుపులో కూరగాయల బండతను పక్కకు తప్పుకుంటే తెలిసింది. దాన్ని చీర కొంగులో చుట్టి దాచింది. ముందు కూర్చున్న తోడికోడలి తడిజడ గాలికి ఆమె మొహాన కొడుతూనే ఉంది. తప్పు తనదే కాబట్టి ఆమె ఏమీ అనలేకపోయింది. తోడికోడలికి ఆ సంగతి తెలుసు కాబట్టి జడ ముందుకు వేసుకోలేదు.

ఎనిమిదిన్నరకు మెట్లెక్కి వార్డు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, మేడమ్ లోపల నిలబడి ఉంది. బొటనవేలు చూపుడువేలిని తాకింది. మధ్యవేలిని, ఉంగరపు వేలిని తాకింది. చిటికెనవేలిని కూడా తాకింది.

నాలుగు.

రబ్బరక్క కూడా చూపులతోనే లెక్కపెట్టింది. మధ్యాహ్నం డ్యూటీ పిన్ని ఒకతె, ఆమె జోడీ ఇంకొకతె. ఎనిమిదింటికి ఎక్కిన రాత్రి సిస్టర్ మూడు. తొమ్మిదో మంచం దగ్గర, సంచి భుజానికి తగిలించుకుని, చేతులు తిప్పుతూ, పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కిన సీరియల్ సిస్టర్ నాలుగు.

"...అప్పుడు ఆయన బావమరిది ఏమన్నాడంటే పిన్నీ..."

"ఏమన్నాడు?" అంటోంది పిన్ని, మోకాలు నొక్కుకుంటూ, మంచం అంచున ఆనుకుని, జన్మలో ఇంతకంటే మంచి కథ విననట్టు.

మేడమ్ వెనుదిరిగి, ఇంటి చీరలో ఉన్న రబ్బరక్కను, నీళ్లు కారుతున్న తోడికోడలిని చూసింది.

"మీ డ్యూటీ నాలుగింటికే అయిపోయిందిగా సిస్టర్?"

మేడమ్ భుజం మీదుగా పిన్ని కళ్లు పెద్దవి చేసి, తల అడ్డంగా ఊపింది. ఏమీ చెప్పకు అని. చూడటానికి వచ్చాను మేడమ్ అంటే సరిపోతుంది. నెల గట్టెక్కుతుంది. రబ్బరక్క ఆ మాట అందామనే నోరు తెరిచింది. కానీ పదహారేళ్లుగా తప్పు గడి కనిపిస్తే తుడవకుండా నిద్రపోని మనిషి. నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"ఒక గడి తప్పింది మేడమ్. ఈమె ఎనిమిదింటికి రావాలి. నా గీత కనబడక పదింటికి అనుకుంది. తప్పు ఆమెది కాదు."

పిన్ని కళ్లు మూసుకుంది.

"తప్పిందా?" అంది మేడమ్. "నేను లెక్కపెట్టాను. నలుగురున్నారు."

"నాలుగో ఆమె ఎనిమిదింటికే వెళ్లిపోవాలి మేడమ్."

మేడమ్ సీరియల్ సిస్టర్ వైపు తిరిగింది. "మరి మీరెందుకు వెళ్లలేదు?"

"ఇంకా పదిహేను మంచాలున్నాయి మేడమ్" అంది సీరియల్ సిస్టర్. అప్పగించుకోవాల్సిన మనిషి రాలేదన్న సంగతి ఆమె అప్పటిదాకా గమనించనేలేదు.

"ఏడో మంచం బాగా చెప్పింది మేడమ్" అన్నాడు తాతగారు పడుకున్నచోటి నుంచే. "నాకే తెలియని విషయాలు రెండు చెప్పింది."

మేడమ్ పెదవి ఒక పక్కకు కదిలింది. అది నవ్వా కాదా అని తర్వాత వార్డులో చాలాసేపు వాదులాడుకున్నారు.

"నేను లెక్కపెడతానన్నది మనుషుల్ని సిస్టర్, గీతల్ని కాదు. మనిషి తక్కువ పడలేదు." గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "ఆ రా సంగతి మాత్రం చూడండి. ఇంకోసారి ఇంత పెద్ద కథ దొరక్కపోవచ్చు."

ఆవిడ మెట్లు దిగి వెళ్లింది. తోడికోడలు డ్యూటీ అందుకుంది, సీరియల్ సిస్టర్ పదో మంచానికి కదిలింది. రబ్బరక్క పిన్ని దగ్గరికి వచ్చింది.

"ఎనిమిదింటికే చూశావా పిన్నీ, మనిషి రాలేదని?"

"చూడకేం. ఎనిమిదీ రెండుకే చూశాను."

"మరి ఆమెను కాసేపు ఉండమ్మా అనొచ్చుగా. ఫోనైనా ఎత్తొచ్చుగా."

"ఉండమంటే ఉంటుంది. ముందు వాళ్లింటికి ఫోన్ చేసి ఎందుకు ఉంటోందో చెప్పాలిగా, దానికి ఇంకో గంట. అందుకని నడుస్తున్నదాన్ని నడవనిచ్చాను. ప్రతి మంచం దగ్గరా తర్వాతేమైంది, తర్వాతేమైంది అంటూ వచ్చాను. మధ్యలో ఫోనుకు లేస్తే కథ తెగదూ?" పిన్ని మెల్లగా మోకాలు చాపింది. "నువ్వేమో హరిశ్చంద్రుడి ఆడపడుచులా వచ్చి నిలబడ్డావు. ఒక్క క్షణం దుప్పట్లు మడతపెడుతున్నట్టే అనిపించింది నాకు."

"నోరు జారింది పిన్నీ."

"జారుతుంది మరి. నేల తడిగా ఉందిగా."

మర్నాడు మధ్యాహ్నం సిస్టర్ల గదిలో కొత్త అక్షరం కోసం సభ జరిగింది. రా చుట్టూ సున్నా చుడదామన్నారు. రబ్బరక్క ఒప్పుకోలేదు, ఇంకో గీత మీద నమ్మకం లేదని. రా రెండుసార్లు రాద్దామన్నారు. "రారా అని పిలిస్తే నేను రాను" అంది తోడికోడలు. చివరికి పిన్ని టీ కప్పు కింద పెట్టింది.

"ఎనిమిది గంటలు చేసేదాన్ని రా అను. పన్నెండు గంటలు నిలబడేదానికి కాస్త మర్యాద ఇవ్వండి. రండి అని రాయి."

అదే ఖాయమైంది. తర్వాతి నెల చార్టులో పన్నెండు గంటల రాత్రులన్నీ "రండి" అయిపోయాయి. గడిలో ఇరుకైంది గానీ ఎవరూ పొరపాటు పడలేదు. తోడికోడలు తన వరస చూసుకుని, ఇంటికొచ్చి, భోజనాల దగ్గర మాస్టారితో, "పదేళ్ల కాపురంలో అక్క నన్ను రండి అనడం ఇదే మొదటిసారి బావగారూ. పన్నెండు గంటలు చేస్తే గాని మర్యాద దక్కలేదు" అని చెప్పుకుంది.

"కంచాలు సరిగ్గా పేర్చిన రోజు ఇంకా దక్కుతుంది" అంది రబ్బరక్క.

కొత్త చార్టు గోడకెక్కిన పొద్దున పిన్ని ఆరింటికే వచ్చింది. కళ్లజోడు ముక్కు చివరకు లాక్కుని, ఒక వేలితో తన వరస పట్టుకుని, మెల్లగా చదివింది.

"పొ. పొ. పొ. మ. సె. పొ. పొ..." చివరి గడి దాకా వెళ్లి, వేలు అక్కడే ఉంచి తిరిగింది. "ఎన్ని పొలు రాశావే. అయినా పోనివ్వవు."

"రండి అని రాయమంటావా?"

"వద్దులే" అంది పిన్ని, మందుల ట్రే అందుకుంటూ. "పొ చాలు నాకు. పొ అంటే ఏమిటో నాకు తెలుసు."

ట్రేలో సీసాలు ఒక్కసారే సర్దుకుని, "ఎలా ఉంది నాయనా?" అంటూ మొదటి మంచం దగ్గరికి వెళ్లింది.